ఆడుకోవడానికా లా చదివించాం?

ప్రశ్న: మేము న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఇరవై ఆరేళ్లుగా ఉంటున్నాం. మా అబ్బాయికి ఇరవై ఎనిమిదేళ్లు. లా చదివి, న్యూయార్క్‌లో ఒక పెద్ద లా సంస్థలో మూడేళ్లుగా పనిచేస్తున్నాడు. ఇప్పుడు అది మానేసి, వేరే రాష్ట్రంలో ఉన్న ఒక ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ జట్టు ఆఫీసులో లాయరుగా చేరతానంటున్నాడు. జీతం ఇప్పుడు వచ్చేదాంట్లో మూడో వంతు. చదువు అప్పు ఇంకా లక్షా నలభై వేల డాలర్లు ఉంది. ‘జట్టులో ఎవరుండాలో తేల్చే జనరల్ మేనేజర్లు ఇక్కడి నుంచే వస్తారమ్మా, లీగ్ కమిషనర్ కూడా లాయరే’ అంటాడు. మా మామగారు కొత్తగూడెంలో సింగరేణి కార్మికుడు. ‘మా నాన్న గనిలో దిగి నన్ను చదివించాడు, నా కొడుకు బంతి వెనక పరుగెడతాడట. ఆడుకోవడానికా లా చదివించాం?’ అని మావారు రెండు వారాలుగా వాడితో మాట్లాడటం లేదు. వాడు చెప్పేది నిజమేనా? నేను ఎవరి పక్షాన నిలబడాలి?
– ఒక తల్లి, ఎడిసన్

జవాబు:

అమ్మా,

రెండో ప్రశ్న కాసేపు పక్కన పెడదాం. మొదటిదానికి వెంటనే జవాబు చెప్పగలను. మీ అబ్బాయి అబద్ధమాడటం లేదు. అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ. దాన్ని నడిపే కమిషనర్ ఆడం సిల్వర్ లాయరే. ఆయనకు ముందు సరిగ్గా ముప్పై ఏళ్లు ఆ కుర్చీలో కూర్చున్న డేవిడ్ స్టెర్న్ కూడా లాయరే. అయితే మీ అబ్బాయి చెప్పకుండా దాటేసిన సంగతులు కొన్ని ఉన్నాయి, మీవారికి తెలియనివి కొన్ని ఉన్నాయి. నేను హైదరాబాద్‌లో ముప్పై ఏళ్లకు పైగా కార్మిక చట్టాల కేసులు వాదించినవాణ్ణి. బాస్కెట్‌బాల్ మీద నాకు ఆసక్తి కలిగింది ఆ దారిలోనే. బంతి ఎలా పట్టుకోవాలో ఈ రోజుకీ తెలియదు.

స్టెర్న్ పెరిగింది మీకు దగ్గరే, టీనెక్‌లో. తండ్రికి మన్‌హటన్‌లోని చెల్సీలో శాండ్‌విచ్‌లు అమ్మే దుకాణం ఉండేది, కుర్రతనంలో అక్కడే పనిచేశారు. 1966లో కొలంబియా యూనివర్సిటీలో లా ముగించి ప్రాస్కావర్ అనే సంస్థలో చేరారు. ఆ సంస్థ కక్షిదారుల్లో ఎన్‌బీఏ ఒకటి. అంటే ఆయనకు బాస్కెట్‌బాల్ మొదట ఒక ఫైలు రూపంలో ఎదురైంది. 1970లో ఆటగాళ్ల సంఘం అధ్యక్షుడు ఆస్కార్ రాబర్ట్‌సన్ పేరుతో లీగ్ మీద దావా పడింది. కాంట్రాక్టు ముగిసినా ఆటగాడు తనకిష్టమైన జట్టుకు వెళ్లలేకపోవడం, పోటీగా ఉన్న రెండో లీగును కూడా కలిపేసుకుంటే బేరమాడే చోటే లేకుండా పోవడం ఆ గొడవకు మూలం. ఆరేళ్లు నడిచి 1976లో రాజీ కుదిరింది. లీగ్ తరఫున ఆ కేసు మీద పనిచేసిన లాయర్లలో స్టెర్న్ ఒకరు. ఆటగాళ్లు ఏం కోరుతున్నారు, యజమానులు దేనికి భయపడుతున్నారు అన్నది ఆ కాగితాల్లో కూర్చుని చదివిన మనిషి. అందుకే 1978లో లీగ్ ఆయన్ను తన సొంత న్యాయవాదిగా తెచ్చుకుంది. 1984 ఫిబ్రవరి 1న కమిషనర్ అయ్యారు.

మధ్యలో 1983 ఉంది. నా దృష్టిలో ఆయన చేసిన అసలు పని అదే. అప్పటికి చాలా జట్లు నష్టాల్లో ఉన్నాయి. ఫైనల్స్ మ్యాచ్‌లను కూడా టీవీలో రాత్రి పొద్దుపోయాక రికార్డు వేసి చూపించిన రోజులవి. అప్పుడు ఆటగాళ్ల సంఘంతో ఒక ఒప్పందం కుదిరింది: లీగ్ ఆదాయంలో 53 శాతం ఆటగాళ్లకు ఖాయం, బదులుగా ఒక్కో జట్టు చెల్లించే మొత్తం జీతాలకు పరిమితి. ఆ పరిమితి మొదటి ఏడాది 36 లక్షల డాలర్లు. 2024-25 నాటికి అది 14 కోట్లు దాటింది.

ఇక్కడ మీ మామగారిని తలచుకోండి. సింగరేణిలో వేజ్‌బోర్డు, అంటే కార్మికుల జీతాలు తేల్చే ఒప్పందం, ఏమిటో ఆయన ఇంట్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఒప్పందం మీద సంతకాలు కాగానే కాంటీన్ దగ్గర, షిఫ్టు మారే చోట, దాన్ని చదివి ఏ గ్రేడుకు ఎంత, అలవెన్సు ఎలా లెక్కకడతారు అని చెప్పగలిగిన మనిషి చుట్టూ జనం మూగుతారు. ఆ మనిషి యూనియన్‌లో ఉంటే నాయకుడవుతాడు, మేనేజ్‌మెంట్‌లో ఉంటే పర్సనల్ మేనేజరు అవుతాడు. ఎన్‌బీఏలో కూడా అచ్చం ఇదే జరుగుతుంది. 2023లో అమల్లోకి వచ్చిన వాళ్ల ఒప్పందం ఆరు వందల పేజీలు దాటింది. జట్టు ఎవరిని తెచ్చుకోవచ్చు, ఎవరిని వదులుకోవాలి, ఎంత ఇవ్వవచ్చు అన్నీ అందులోనే ఉన్నాయి. దాన్ని నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగినవాడు ఆ ఆఫీసులో అవసరమైన మనిషి. మీవారితో ఈ మాట చెప్పండి: అబ్బాయి వెళ్తానంటున్నది తాత చదివించుకున్న వేజ్‌బోర్డు దగ్గరికే. కాకపోతే ఈసారి బల్లకు అవతలివైపు, యాజమాన్యం కుర్చీలో. దానికి తాతగారికి అభ్యంతరం ఉంటే అది వేరే కేసు.

ఆ పని ఎలా ఉంటుందో ఒక ముక్క చూపిస్తాను. ఏటా ఫిబ్రవరిలో ఒక గురువారం మధ్యాహ్నం మూడు గంటలతో ఆటగాళ్ల మార్పిడికి గడువు ముగుస్తుంది. ఒక జట్టు చేతిలో ఏడాదికి రెండు కోట్ల జీతమున్న ఆటగాడు, కోటిన్నర జీతమున్న మరొకడు ఉన్నారనుకోండి. ఇద్దరినీ ఇచ్చి మూడున్నర కోట్ల పెద్ద ఆటగాణ్ణి తెచ్చుకుందామని కోచ్ అంటాడు. చిన్నపిల్లాడికి కూడా లెక్క సరిపోయినట్లే కనిపిస్తుంది. కానీ మినహాయింపుల వల్ల పరిమితి దాటిన ఆ జట్టు జీతాల మొత్తం, దానికీ పైనున్న ‘రెండో ఏప్రన్’ అనే గీత కూడా దాటి ఉంటే, ఇద్దరి జీతాలు కలిపి ఒకణ్ణి తెచ్చుకోవడం నిషేధం. 2024-25లో ఆ గీత 18 కోట్ల 89 లక్షల డాలర్ల దగ్గర ఉంది. అప్పుడు దారి వెతకాల్సింది లాయరే. మూడో జట్టును కలపాలా, ముందు ఒకణ్ణి వదిలించుకుని గీత కిందికి దిగాలా, దానికి బదులుగా డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు ఏటా కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే చోట, ఏ వంతు ఇవ్వాలి? అవతలి జట్టు డ్రాఫ్ట్ ఎంపికను ఇస్తూ ‘మొదటి నాలుగు స్థానాల్లో పడితే మాకే, అయిదు నుంచి పడితే మీకు’ అని షరతు పెడుతుంది. ఆ షరతు ఈ ఏడాదికేనా, వచ్చే ఏడాదికి జారుతుందా? చివరికి రెండు జట్ల మనుషులూ లీగ్ ఆఫీసుకు ఫోన్ చేసి ఒక్కో అంశాన్నీ గట్టిగా చదివి ఒప్పించుకోవాలి. అప్పటిదాకా టీవీలో ఎంత హడావిడి జరిగినా ఆ మార్పిడి జరగనట్లే. ఆ ఫోను చేసే మనిషి కావాలని మీ అబ్బాయి కోరిక.

లాయరు మాట వినకపోతే ఏమవుతుందో కూడా ఆ లీగ్ చరిత్రలోనే ఉంది. 1995 డ్రాఫ్ట్‌లో అందరికంటే ముందు ఎంపికైన ఆటగాడు జో స్మిత్. 1999 ఆరంభంలో మిన్నెసోటా జట్టు అతణ్ణి 17 లక్షల 50 వేల డాలర్లకే తెచ్చుకుంది. అతని స్థాయికి అది చాలా తక్కువ. అసలు బేరం చాటున వేరే ఉంది: మూడేళ్లు ఇలా ఏడాదికో చిన్న కాంట్రాక్టుతో నెట్టుకురా, తర్వాత కోట్లలో ఇస్తాం. ఒకే జట్టులో మూడేళ్లు ఉన్న ఆటగాడికి పరిమితి దాటి జీతం ఇవ్వడానికి నిబంధనలు ఒప్పుకుంటాయి, ఆ సందు కోసం ఈ తతంగమంతా. నోటి మాటగా ఉండిపోతే ఏమయ్యేదో కానీ, దాన్ని కాగితం మీద పెట్టారు. ఆటగాళ్ల తరఫున బేరమాడే ఇద్దరు ఏజెంట్లు వ్యాపారం విడిపోయి కోర్టుకెక్కడంతో ఆ కాగితం 2000లో బయటపడింది. స్టెర్న్ ఉపేక్షించలేదు. కాంట్రాక్టు రద్దు, జట్టుకు 35 లక్షల డాలర్ల జరిమానా, అయిదేళ్ల మొదటి రౌండు డ్రాఫ్ట్ ఎంపికలు జప్తు. రెండు ఎంపికలు తర్వాత తిరిగి ఇచ్చారు. నేను ఎన్నో రహస్య ఒప్పందాలు చూశాను గానీ, దాచవలసిన దాన్ని సంతకాలు పెట్టి భద్రపరిచిన వాళ్లను చూసి ఇప్పటికీ ఆశ్చర్యపోతాను.

ఇక సిల్వర్. ఆయన కథ మీ అబ్బాయికి బాగా తెలిసే ఉంటుంది, బహుశా కంఠతా వచ్చు. షికాగోలో లా, ఫెడరల్ జడ్జి దగ్గర క్లర్కు, ఆ తర్వాత న్యూయార్క్‌లో క్రవాత్ అనే పెద్ద సంస్థ. అక్కడ ఉండగా, ఉద్యోగ జీవితం గురించి సలహా అడుగుతూ స్టెర్న్‌కు ఉత్తరం రాశారు. స్టెర్న్ పిలిచి మాట్లాడారు, ఆ పరిచయమే చివరికి ఉద్యోగమైంది. 1992లో కమిషనర్‌కు సహాయకుడిగా చేరి, ఇరవై రెండేళ్ల తర్వాత ఆ కుర్చీలో కూర్చున్నారు. కూర్చున్న మూడు నెలలకే ఒక జట్టు యజమాని డొనాల్డ్ స్టెర్లింగ్ జాతి దురహంకార మాటలు బయటికి వస్తే, లీగ్ నియమావళి అనుమతించే గరిష్ఠ జరిమానా 25 లక్షల డాలర్లు వేసి జీవితకాలం బహిష్కరించారు. సలహా కోసం ఉత్తరం రాస్తే కమిషనర్ కావచ్చని నాలాంటి శీర్షికలు నడిపేవాళ్లు చెప్పుకోవడానికి బాగుంటుంది. కానీ సిల్వర్ తండ్రి ప్రాస్కావర్ సంస్థలోనే పేరున్న కార్మిక చట్టాల న్యాయవాది, స్టెర్న్‌కు తెలిసిన మనిషి. ఆ ఉత్తరం మీద ఇంటిపేరు కూడా ఉంది. మీ ఇంటిపేరుతో వెళ్లే ఉత్తరానికి అంత తొందరగా జవాబు రాదు. మీ అబ్బాయి దాటేసిన సంగతుల్లో ఇది మొదటిది.

అందుకే వాడికి నేను చూపించే మనిషి వేరే ఉన్నాడు, రిచ్ చో. బర్మాలోని రంగూన్‌లో పుట్టి, పసితనంలోనే కుటుంబంతో అమెరికా వచ్చినవాడు. వాషింగ్టన్ స్టేట్‌లో మెకానికల్ ఇంజనీరింగ్, ఆ వెంటనే బోయింగ్‌లో ఉద్యోగం. మన ఇళ్లలో అయితే అక్కడితో కథ సుఖాంతం, సంబంధాలు చూడటం మొదలుపెడతారు. ఆయన ఆ ఉద్యోగం వదిలి పెపర్‌డైన్‌లో లా చదివారు. చదువుతూనే 1995లో, ముప్పై దగ్గర పడుతున్న వయసులో, సియాటెల్ జట్టులో ఇంటర్న్‌గా చేరారు. జీతాల పరిమితి లెక్కలు ఆయన చేతిలో పెట్టారు. ఇంజనీరుకు అంకెలు వచ్చు, లాయరుకు నిబంధనలు వచ్చు, రెండూ ఒక్కడిలోనే ఉన్నాయి. 2010లో పోర్ట్‌లాండ్ జట్టు ఆయన్ను జనరల్ మేనేజర్‌గా తీసుకుంది. ఆ లీగ్‌లో ఆ పదవికి వచ్చిన మొదటి ఆసియా అమెరికన్ ఆయనే.

కథ అక్కడ ఆపితే మీ అబ్బాయి గెలుస్తాడు. ఆపను. ఏడాది కూడా తిరగకుండానే పోర్ట్‌లాండ్ ఆయన్ను తీసేసింది. కొద్ది వారాలకే షార్లెట్ జట్టు పిలిచింది, అక్కడ 2018 దాకా ఉన్నారు, తర్వాత అదీ పోయింది. ఆపైన మెంఫిస్. అంతకుముందు సియాటెల్ జట్టు జట్టే 2008లో ఓక్లహోమా సిటీకి తరలిపోతే ఈయనా దానితో పాటు వెళ్లారు. ఊళ్లు లెక్కపెట్టండి, అయిదు. జట్లు ముప్పై, ఒక్కో జట్టుకు జనరల్ మేనేజర్ ఒక్కడే. ఆ కుర్చీకి మాజీ ఆటగాళ్లు, గణాంకాల పండితులు, ఏజెంట్లు కూడా క్యూలో ఉన్నారు. గోల్డెన్ స్టేట్‌కు నాలుగు టైటిళ్లు తెచ్చిన బాబ్ మయర్స్, లేకర్స్‌ను నడిపే రాబ్ పెలింకా ఇద్దరూ లా చదివినవాళ్లే, కానీ ఇద్దరూ ఏజెంట్లుగా ఏళ్లకేళ్లు ఆటగాళ్ల తరఫున బేరాలు చేసి వచ్చినవాళ్లు. పైగా ఇద్దరూ కాలేజీ జట్లలో ఆడినవాళ్లు. ‘జనరల్ మేనేజర్లు ఇక్కడి నుంచే వస్తారు’ అన్న మాటలో ‘ఇక్కడ’ అంటే ఎక్కడో వాడిచేత విడమరిచి చెప్పించండి.

ఎందుకంటే, జట్టు ఆఫీసులో లాయర్లు రెండు రకాలు. ఒకరు వ్యాపారం వైపు ఉంటారు: స్టేడియం లీజు, స్పాన్సర్ల ఒప్పందాలు, టికెట్లు, ఉద్యోగుల గొడవలు, మ్యాచ్ చూడటానికొచ్చి మెట్ల మీద జారిపడ్డ ప్రేక్షకుడి దావా. మంచి ఉద్యోగమే, కానీ ఏ పెద్ద కంపెనీలోనైనా ఇదే పని ఉంటుంది. ఆటగాళ్ల కాంట్రాక్టుల దరిదాపులకు చాలామంది రారు. రెండో రకం ఆట వైపు ఉంటారు: జీతాల పరిమితి, కాంట్రాక్టులు, మార్పిడులు. చో వచ్చింది ఈ తలుపులోంచి. పేరు పలకలు రెండింటి మీదా ఇంచుమించు ఒకేలా ఉంటాయి, జీతం కూడా.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. వాడికి వచ్చింది వ్యాపారం వైపు ఉద్యోగమైతే తొందరపడవద్దనండి. ఆ పనికి జట్లు పెద్ద లా సంస్థల్లో ఏడెనిమిదేళ్లు నలిగినవాళ్లను పై హోదాలో, మెరుగైన జీతంతో తీసుకుంటాయి. ఇంకో నాలుగేళ్లు ఉన్నచోటే ఉండి, అప్పు తీర్చుకుని వెళ్లినా ఆ తలుపు తెరిచే ఉంటుంది. ఆట వైపు అయితే మాత్రం వెళ్లనివ్వండి. ఆ విద్య బయట ఎంత పెద్ద సంస్థలో కూర్చున్నా రాదు, లోపల చిన్న బల్ల దగ్గర కూర్చుని నేర్చుకోవలసిందే. ముప్పై అయిదేళ్లకు పెళ్లాం, పిల్లలు, ఇంటి వాయిదాలు వచ్చాక మూడో వంతు జీతానికి ఎవరూ దిగలేరు. దిగగలిగేది ఇప్పుడే.

అప్పు గురించి మాత్రం కఠినంగా ఉండండి. కొత్త జీతంలో పన్నులు, అద్దె పోగా నెల వాయిదా కట్టగలడో లేదో కాగితం మీద వేసి చూపించమనండి. చూపించలేకపోతే చేరే తేదీని వెనక్కి జరుపుకోవాలి, లేదా ఈ ఏడాది బోనసు చేతికొచ్చేదాకా ఆగాలి. మీరిద్దరూ మీ రిటైర్మెంటు డబ్బులోంచి ఒక్క డాలరు కూడా తీయవద్దు, ఇంటి మీద అప్పు తేవద్దు. కొడుకు కల కోసం తల్లి నగలు కుదువపెట్టిన కథలు మనకు చాలా ఇష్టం. ఇరవై ఎనిమిదేళ్ల న్యాయవాదికి ఆ అవసరం లేదు.

ఇంకో దారి కూడా ఉంది, వాడు ఆలోచించాడో లేదో. లీగ్ ప్రధాన కార్యాలయం న్యూయార్క్‌లోనే ఉంది, ఆటగాళ్ల సంఘం కార్యాలయమూ అక్కడే. రెండు చోట్లా అదే ఆరు వందల పేజీలతో రోజంతా పని. 2014లో ఆటగాళ్ల సంఘం పగ్గాలు పట్టుకున్న మిషెల్ రాబర్ట్స్ బాస్కెట్‌బాల్ నుంచి రాలేదు. వాషింగ్టన్‌లో లాయరును పెట్టుకోలేని నిందితుల తరఫున వాదించి పేరు తెచ్చుకున్న ట్రయల్ లాయరు ఆమె. మీ అబ్బాయి ఎడిసన్ నుంచి రైల్లో వెళ్లి వచ్చే దూరంలో రెండు తలుపులు ఉండగా, వేరే రాష్ట్రంలో మూడో తలుపు ఒక్కటే ఎందుకు తట్టాడో అడగండి. మంచి జవాబు ఉండవచ్చు. ఉంటే అది కోపం లేకుండా వినవలసిన జవాబు.

మీవారి కోపంలో ఒక భాగం మన దేశపు నిబంధన నుంచి వచ్చిందేమోనని నా అనుమానం. ఇక్కడ న్యాయవాది జీతానికి పూర్తికాల ఉద్యోగంలో చేరితే బార్ కౌన్సిల్‌కు తెలియజేసి ప్రాక్టీసు ఆపుకోవాలి. నల్లకోటు కొక్కేనికి తగిలించినట్లే. అందుకే ‘ఉద్యోగంలో చేరిన లాయరు’ అంటే మనకు చదువు వృథా చేసుకున్నవాడిలా కనిపిస్తాడు. న్యూయార్క్‌లో అలా కాదు. కంపెనీ జీతం తీసుకుంటూనే లాయరుగా కొనసాగవచ్చు. రెండేళ్లకోసారి రిజిస్ట్రేషన్ ఫీజు కట్టి, నిర్ణీత గంటల శిక్షణ పూర్తిచేస్తే లైసెన్సు చెక్కుచెదరదు. రేపు ఆ జట్టు తీసేసినా, జట్టే ఊరు మారినా, వాడు మళ్లీ న్యూయార్క్ వచ్చి ప్రాక్టీసు పెట్టుకోవచ్చు. జట్టు ఉన్న రాష్ట్రంలో పనిచేయడానికి అక్కడి బార్ అనుమతి ఏమైనా కావాలా అన్నది మాత్రం చేరకముందే కనుక్కోవాలి. ఆ ఫీజు ఎవరు కడతారో ఆఫర్‌లో రాయించుకోమనండి.

ఎవరి పక్షాన నిలబడాలి అని అడిగారు. వాడి ఆఫర్ లెటర్ ఒకసారి తెప్పించుకుని చూడండి. హోదా ఏమని రాశారు, ఎవరికి రిపోర్టు చేయాలన్నారు అన్న రెండు వాక్యాలు చాలు. జనరల్ మేనేజర్ విభాగానికి అని ఉంటే ఈ జవాబు మీవారి చేతికి ఇచ్చి, మీరు అబ్బాయి పక్కన కూర్చోండి. జట్టు వ్యాపార విభాగానికి అని ఉంటే ఇదే జవాబు అబ్బాయి చేతికి ఇచ్చి, మీవారి పక్కన కూర్చోండి. రెండింటికీ మధ్యలో ఏదో గోడమీది పిల్లిలాంటి మాట రాసి ఉంటే, ఆ వాక్యం ఉన్నదున్నట్టు నాకు రాసి పంపండి.